ఆట ఆడింది, పాట రాలేదు: పాత సీడీలను పూర్తిగా భద్రపరుచుకునే పద్ధతి

చెన్నై వెస్ట్ మాంబలంలోని మా ఇంటి అటక మీద నుంచి పోయిన వేసవిలో ఒక పాత సూట్‌కేసు దించాం. లోపల వందకు పైగా సీడీలు. ఆటలవి, కంప్యూటర్ పత్రికలతో ఉచితంగా వచ్చినవి, పెళ్లి వీడియోలవి, పైన మార్కరుతో ‘ముఖ్యం’ అని మాత్రం రాసి లోపల ఏముందో రాయనివి. మొదట చేతికి తగిలింది 1996 నాటి క్వేక్ అనే ఆట. డ్రైవులో పెట్టి, ఫైళ్లన్నీ హార్డ్ డిస్కులోకి లాగేసి, పని అయిపోయిందనుకున్నాను. ఆట నడిచింది. తుపాకులు పేలాయి, రాక్షసులు అరిచారు. వెనక వినిపించాల్సిన సంగీతం మాత్రం లేదు.

అది ఫైళ్లలో ఉండదు. నైన్ ఇంచ్ నెయిల్స్ బృందం చేసిన ఆ సంగీతం మామూలు పాటల సీడీలో ఉన్నట్టే ఆడియో ట్రాకులుగా ఉంటుంది. మొదటి ట్రాకు ఆట, రెండో ట్రాకు నుంచి సంగీతం. ఫైళ్లను కాపీ చేసినప్పుడు మనకు వచ్చేది ఆ మొదటి ట్రాకులోని సరుకు మాత్రమే. సీడీలోంచి ఫైళ్లు తీసుకోవడం వేరు, సీడీని భద్రపరచడం వేరు అని ఆ రోజు తెలిసింది. ఈ వ్యాసం రెండోదాని గురించి.

మొదట కళ్లతో చూడండి

సీడీ మందం 1.2 మిల్లీమీటర్లు. అందులో దాదాపు అంతా పారదర్శకమైన పాలీకార్బనేట్ ప్లాస్టిక్కే. సమాచారం ఉండే లోహపు పొర అడుగున లేదు, పైన లేబుల్ కిందనే ఉంది. దానికి కాపలా పల్చటి లక్క పూత ఒక్కటే. మనమేమో అడుగు భాగాన్ని పసిబిడ్డలా చూసుకుంటూ లేబుల్ వైపు బాల్‌పెన్నుతో పేర్లు రాసేశాం. అడుగున పడిన గీత లేజరుకు అడ్డం వస్తుంది, అంతే. లేబుల్ వైపు లోతుగా పడిన గీత ఏకంగా సమాచారాన్నే గీకేస్తుంది.

అందుకే ప్రతి డిస్కునూ ట్యూబులైటుకు అడ్డంగా పట్టి చూడండి. సూదిమొనంత వెలుతురు చుక్కలు కనిపిస్తే అక్కడ లోహం పోయినట్టు. అంచుల్లో గోధుమరంగు మచ్చలు పాకుతుంటే తేమ లోపలికి చేరిందని అర్థం. సముద్రపు గాలి తగిలే మన చెన్నైలో ఇది అరుదేమీ కాదు. అంటించిన కాగితపు లేబుల్ సగం ఊడివచ్చినా సరే, మొత్తం పీకేయాలని చూడకండి. లోహపు పొర జిగురుతో పాటే లేచి వస్తుంది. మధ్య రంధ్రం దగ్గర పగులున్న డిస్కును డ్రైవులో పెట్టనే పెట్టకండి. 52 రెట్ల వేగంలో అది నిమిషానికి దాదాపు పదివేల చుట్లు తిరుగుతుంది. పగిలిందంటే డిస్కుతో పాటు డ్రైవు కూడా పోతుంది.

ఇప్పుడు వరుస నిర్ణయించుకోవాలి. ఇక్కడ మా పిన్ని కొడుక్కీ నాకూ వాదన జరిగింది.

“అన్నయ్యా, ముందు ఆటలు తీద్దాం.”

“ఆటలు ప్రపంచంలో ఇంకెవరి దగ్గరో ఒకరి దగ్గర ఉంటాయిరా. మీ అమ్మ పెళ్లి సీడీ ఇంకెక్కడుంటుంది?”

ఇంట్లో రైటర్‌తో రాసుకున్న సీడీ-ఆర్‌లే ముందు. ఫ్యాక్టరీలో అచ్చయిన సీడీలో గుంతలు ప్లాస్టిక్కులోనే ముద్రపడి ఉంటాయి. సీడీ-ఆర్‌లో ఉన్నది ఒక రంగు పూత, దాన్ని లేజరు కాల్చి రాసిన గుర్తులు. అడుగున నీలంగానో, ఆకుపచ్చగానో, లేత బంగారు రంగులోనో కనిపించేది ఆ పూతే. ఎండకూ వేడికీ అది వెలిసిపోతుంది. పైగా ఆ సీడీకి లోకంలో రెండో ప్రతి ఉండదు.

డిస్కు తాకే ముందు ఫోటోలు తీయండి. లేబుల్, పెట్టె ముందు వెనకలు, కరపుస్తకం, మధ్య రంధ్రం చుట్టూ అద్దపు వలయంలో చెక్కిన సంఖ్యలు. అన్నిటికంటే ముఖ్యం పెట్టె వెనక స్టిక్కరు మీద ఉండే సీడీ కీ. సీడీని ఎంత చక్కగా నకలు తీసినా ఆ సంఖ్య లేకపోతే ఇన్‌స్టాలేషన్ దగ్గరే ఆట ఆగిపోతుంది. ఒకే ఆట రెండు ముద్రణల్లో వచ్చి ఉంటే ఏది ఏదో తేల్చేది ఆ వలయపు సంఖ్యలే.

కడగడం

దుమ్ము ఉంటే గాలి ఊదే రబ్బరు బుడ్డితో ఊదండి. జిడ్డు, బూజు ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క గిన్నెలు కడిగే సబ్బు కలిపి, మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవండి. గుండ్రంగా తుడవకూడదు. సమాచారం చుట్టలు చుట్టుకుని ఉంటుంది కనుక గుండ్రటి గీత ఒకే చోట వరుసగా చాలా సమాచారాన్ని మింగుతుంది. అడ్డగీత ఒక్కో చుట్టలో కొంచెమే మింగుతుంది, దాన్ని సీడీలో ముందే ఉన్న దోష సవరణ సరిచేసుకుంటుంది. గోళ్ల రంగు తీసే ద్రవం వద్దు, అసిటోన్ పాలీకార్బనేట్‌ను కరిగిస్తుంది. టూత్‌పేస్టుతో రుద్దితే గీతలు పోతాయనే చిట్కా అందరికీ తెలుసు. అది ఒకరకం ఉప్పుకాగితమే. మిగతా దారులన్నీ మూసుకుపోయాక, పోయినా బాధ లేదనుకున్న డిస్కు మీద మాత్రమే ప్రయత్నించండి.

డ్రైవు, ఒకటి కాదు

సన్నని యూఎస్‌బీ డ్రైవు శుభ్రమైన డిస్కులకు చాలు. మొండి డిస్కులకు డెస్క్‌టాప్‌లో వాడే పెద్ద డ్రైవే మేలు. మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌లో పాత కంప్యూటర్లు విప్పి విడిభాగాలు అమ్మే దుకాణాల్లో ఇవి ఇంకా దొరుకుతున్నాయి. బెంగళూరు వాళ్లకు ఎస్‌పీ రోడ్డు ఉంది. దానితో పాటు శాటా (డెస్క్‌టాప్ డ్రైవుల తీగ తగిలించే రకం) నుంచి యూఎస్‌బీకి మార్చే అడాప్టరు తీసుకోండి. అది 12 వోల్టుల కరెంటు కూడా ఇచ్చే రకం కావాలి. ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కుల కోసం అమ్మేవి 5 వోల్టులే ఇస్తాయి, వాటితో పెద్ద డ్రైవు కదలదు. ఈ సంగతి తెలియక నేను రిచీ స్ట్రీట్‌కు రెండోసారి వెళ్లాల్సి వచ్చింది.

వేర్వేరు కంపెనీల డ్రైవులు కనీసం రెండు పెట్టుకోండి. ఒకటి చేతులెత్తేసిన డిస్కును రెండోది మాట్లాడకుండా చదివేయడం నేను చాలాసార్లు చూశాను. ఆటల నకళ్లను వృత్తిలా చేసేవారు పాత ప్లెక్స్‌టర్ కంపెనీ డ్రైవుల కోసం వెతుకుతారు. వాటిలో కొన్ని మోడళ్లు డిస్కు మొదటి, చివరి అంచుల్లోని లీడ్-ఇన్, లీడ్-అవుట్ భాగాలను కూడా చదవగలవు. మన ఇంటి సీడీలకు అంత అవసరం లేదు.

నకలు తీయడం: ఏ డిస్కుకు ఏ రకం ఫైలు

సీడీని సెక్టార్లు అనే చిన్న ముక్కలుగా విడగొట్టారు. పాట మోగే సెకనుకు 75. 74 నిమిషాల డిస్కులో 3,33,000 సెక్టార్లు. ఒక్కో సెక్టారు 2,352 బైట్లు. పాటల సీడీలో ఆ మొత్తం పాటకే పోతుంది. డేటా సీడీలో 2,048 బైట్లే మన సరుకు, మిగిలిన దానిలో ఎక్కువ భాగం తప్పులు పట్టుకుని దిద్దడానికి అదనంగా పెట్టిన కాపలా. పాటలో ఒక క్షణం చిటపటమంటే చెవి క్షమిస్తుంది, ప్రోగ్రాములో ఒక బైటు తప్పితే కంప్యూటర్ క్షమించదు కదా.

నకలు ఫైళ్ల రకాల్లో తేడా ఇక్కడే పుట్టింది. ఐఎస్ఓ ఫైలులో ఆ 2,048 బైట్లే ఉంటాయి. బిన్, క్యూ అనే జంటలో మొత్తం 2,352 ఉంటాయి. ఒక్క డేటా ట్రాకే ఉన్న డిస్కుకు ఐఎస్ఓ చాలు. పత్రికల సీడీలు, ఎన్‌సైక్లోపీడియాలు చాలావరకు ఈ రకమే. క్వేక్ లాంటి డేటా, ఆడియో కలగలిసిన డిస్కులకు, ప్లేస్టేషన్ ఆటలకు, వీసీడీలకు బిన్-క్యూ తప్పనిసరి. వీటిని ఐఎస్ఓగా దాచడమంటే పెళ్లి ఆల్బమ్‌లో సగం పేజీలు చింపి మిగిలింది బైండు చేయించుకోవడమే.

విండోస్‌లో అయితే ఇమ్‌జ్‌బర్న్ అనే ఉచిత ప్రోగ్రాము తెరిచి, డిస్కు నుంచి ఇమేజ్ ఫైలు చేయమని ఎంచుకోండి. డిస్కు ఏ రకమో చూసి తనే ఐఎస్ఓనో బిన్-క్యూనో నిర్ణయించుకుంటుంది. మీరు చేయాల్సిన మార్పు ఒకటే, చదివే వేగాన్ని 8 రెట్లకు తగ్గించడం. లినక్స్ వాడేవారికి సీడీఆర్‌డీఏఓ అనే ప్రోగ్రాము ఉంది. అచ్చయిన ఆటల సీడీలను పద్ధతిగా తీయాలనుకుంటే రీడంపర్ మరింత నిక్కచ్చి పనిముట్టు. ఉత్త పాటల సీడీలకు ఎగ్జాక్ట్ ఆడియో కాపీ వాడండి.

క్యూ అనేది చిన్న పాఠ్య ఫైలు. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఏ ట్రాకు ఎక్కడ మొదలవుతుందో కనిపిస్తుంది. అందులో బిన్ ఫైలు పేరు కూడా రాసి ఉంటుంది. అందంగా ఉండాలని బిన్ ఫైలు పేరు మార్చి క్యూ లోపల మార్చడం మరిచిపోతే ఏ ప్రోగ్రామూ దాన్ని తెరవదు. డిస్కు పాడైందని కంగారుపడే ముందు ఇది చూసుకోండి.

కొన్ని ఆటల సీడీల్లో మొదటి భాగంలో వందల కొద్దీ సెక్టార్లు చదవలేకపోతున్నామని వస్తుంది. డిస్కు తళతళలాడుతూ ఉంటుంది. అది జబ్బు కాదు, తాళం. సేఫ్‌డిస్క్ వంటి రక్షణ పద్ధతులు కావాలనే చదవడానికి వీల్లేని సెక్టార్లను పెట్టేవి. వాటిని దాటుకుని ముందుకు సాగమని ప్రోగ్రాముకు చెప్పండి. 2015లో వచ్చిన విండోస్ 10 ఆ సేఫ్‌డిస్క్‌కు అవసరమైన డ్రైవరు అనే సహాయక ప్రోగ్రామును నడపడం మానేసింది. దానితో డబ్బు పెట్టి కొన్న అసలు సీడీ చేతిలో ఉన్నా ఆట తెరుచుకోని పరిస్థితి వచ్చింది. చట్టం సంగతి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను: మన 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షను, సక్రమంగా కొన్న కంప్యూటర్ ప్రోగ్రాముకు నష్టం నుంచి కాపాడుకోవడానికి బ్యాకప్ తీసుకోవడాన్ని అనుమతిస్తుంది. దాన్ని ఊరంతా పంచడానికి కాదు.

మొరాయించే డిస్కు

మామూలు ప్రోగ్రాము ఒక చెడ్డ సెక్టారు దగ్గర మొండిగా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ కూర్చుంటుంది. ఈలోగా బాగున్న భాగం చదివే అవకాశం కూడా చేజారవచ్చు. గ్నూ డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాము తీరు వేరు. తేలిగ్గా వచ్చేదంతా ముందు లాక్కుంటుంది, కష్టమైన చోట్లను మ్యాప్ ఫైలు అనే చిట్టాలో రాసుకుని తరువాత వాటి మీదకు వస్తుంది. లినక్స్‌లో నడుస్తుంది. ఇది డేటా సీడీలకే, పాటల ట్రాకులకు పనికిరాదు.

మా ‘ముఖ్యం’ సీడీని తీసిన విధానం చెబుతాను. అది 2003లో రాసిన సీడీ-ఆర్, నిండా ఫోటోలు. మొదటి విడతలో సెక్టారు కొలత 2048 అని చెప్పి, చెడ్డ చోట్లను సెక్టారు సెక్టారుగా గీకే దశ వద్దని చెప్పే ఎన్ అనే ఐచ్ఛికంతో నడిపాను. పావుగంటలో దాదాపు అంతా వచ్చింది. రెండో విడతలో ఎన్ తీసేసి, నేరుగా డ్రైవు నుంచే చదివే డైరెక్ట్ పద్ధతిని ఎంచుకుని, చెడ్డ చోట్లను మూడేసి సార్లు ప్రయత్నించమన్నాను. 212 సెక్టార్లు మిగిలాయి. తరువాత డిస్కు తీసి ఇంకో కంపెనీ డ్రైవులో పెట్టి, అదే మ్యాప్ ఫైలుతో, ఈసారి వెనక నుంచి ముందుకు చదవమన్నాను. చిట్టా ఉంది కాబట్టి రెండో డ్రైవు ఆ 212 మీదే పని చేసింది. మిగిలినవి 14.

పద్నాలుగు సెక్టార్లంటే 28 కిలోబైట్లు. అవి ఏ ఫైలులో పడ్డాయో తెలుసుకోవడానికి డీడీరెస్క్యూలోనే ఫిల్ అనే పద్ధతి ఉంది. నకలుకు ఒక కాపీ తీసి, చదవలేని చోట్లన్నిటిలో మీరు చెప్పిన ఒక గుర్తు మాటను నింపమనాలి. తరువాత ఆ మాట ఏ ఫైలులో ఉందో వెతకాలి. నా విషయంలో అన్నీ ఒక్క ఫోటోలోనే ఉన్నాయి. తిరుమల మెట్ల దగ్గర నిలబడ్డ తొమ్మిది మందిలో నడుము నుంచి కింద అందరూ బూడిదరంగు.

ఒక చిన్న హెచ్చరిక. ఇంట్లో రాసిన సీడీల్లో సరిగ్గా చివరి రెండు సెక్టార్లు మాత్రమే రాకపోతే పట్టించుకోకండి. ట్రాకు-ఎట్-వన్స్ పద్ధతిలో, అంటే ఒక్కో ట్రాకును విడిగా రాసినప్పుడు చివర మిగిలే కొసలు అవి. వాటిలో మీ సరుకేమీ ఉండదు.

ఇంకోటి, చాలామందిని ఏడిపించేది. పండక్కి కొన్ని, పుట్టినరోజుకు కొన్ని అంటూ ఒకే సీడీలో దఫదఫాలుగా ఫోటోలు రాసి ఉంటారు. ప్రతి దఫా ఒక సెషన్. పాతదాన్ని కలుపుకోకుండా కొత్త సెషన్ రాస్తే విండోస్ చివరిదాన్నే చూపిస్తుంది. పాత ఫోటోలు చెరిగిపోయాయని అనుకుంటాం, నిజానికి అవి అక్కడే ఉంటాయి. ఐసోబస్టర్ అనే ప్రోగ్రాములో డిస్కు తెరిస్తే సెషన్లన్నీ విడివిడిగా కనిపిస్తాయి.

పెళ్లి వీసీడీలు

వీసీడీలో ఎంపెగావ్ అనే ఫోల్డరు, అందులో డాట్ (DAT) అనే రకం వీడియో ఫైళ్లు ఉంటాయి. వీటి సెక్టార్ల తీరు వేరు. ఒక్కోదానిలో 2,324 బైట్ల వీడియో ఉంటుంది, డేటా సీడీకి ఉండే అదనపు దోష సవరణ ఉండదు. అందుకే చిన్న గీతకే విండోస్ కాపీ మధ్యలో ఆగిపోయి మొత్తం ఫైలును వదిలేస్తుంది. డీడీరెస్క్యూతోనూ లాభం లేదు. ఐసోబస్టర్‌లో డాట్ ఫైలు మీద కుడి క్లిక్ చేసి, ఎంపెగ్ ఫ్రేములను మాత్రమే వడకట్టి తీయమని ఎంచుకోండి. చదవలేని చోట్ల సున్నాలు పెట్టి ముందుకు పోతుంది. మా పిన్ని పెళ్లిలో జీలకర్ర-బెల్లం దగ్గర తెర రెండు క్షణాలు గళ్లుగళ్లుగా చెదురుతుంది. మిగతా గంట నిక్షేపంగా ఉంది. బొమ్మ 352, 288 చుక్కలే కాబట్టి పెద్ద టీవీలో మసకగా ఉంటుంది. పదును పెంచుతామనే ప్రోగ్రాములతో తరువాత ఎన్ని ఆటలైనా ఆడుకోండి, అసలు నకలును మాత్రం తాకకండి.

సరిచూడటం

నకలు వచ్చినంత మాత్రాన సరిగ్గా వచ్చినట్టు కాదు. ప్రతి నకలుకూ చెక్‌సమ్ తీయండి. ఫైలులోని ప్రతి బైటునూ కలిపి లెక్కగట్టిన వేలిముద్ర అది, ఒక్క బిట్టు మారినా ముద్ర మారిపోతుంది. సెవెన్‌జిప్ ఉంటే కుడి క్లిక్కులోనే ఎస్‌హెచ్ఏ-1 అనే రకం ముద్ర వస్తుంది. డిస్కును రెండుసార్లు, వీలైతే రెండు డ్రైవుల్లో చదివి రెండు ముద్రలూ ఒకటేనా చూడండి. అచ్చయిన ఆటలకు ఇంకో సౌకర్యం ఉంది. రీడంప్ అనే ఉమ్మడి జాబితాలో ఆటల సీడీల చెక్‌సమ్‌లు నమోదై ఉంటాయి. మీది దానితో కలిస్తే ఎక్కడో ఇంకొకరు అదే ముద్రణను చదివి అదే ఫలితం పొందారని అర్థం.

డేటా ట్రాకు కలిసి ఆడియో ట్రాకులు కలవకపోతే బెంబేలు పడవద్దు. పాటలను చదివేటప్పుడు ప్రతి మోడల్ డ్రైవూ కొన్ని శాంపిళ్లు (ధ్వనిని కొలిచిన అతి చిన్న ముక్కలు) ముందో వెనకో మొదలుపెడుతుంది. దీన్ని ఆఫ్‌సెట్ అంటారు. ఆ తేడా సర్దకపోతే సంగీతం వినడానికి అదే అయినా ముద్ర వేరుగా వస్తుంది.

నడిపించడం

విండోస్‌లో ఐఎస్ఓ మీద రెండుసార్లు నొక్కితే సీడీ పెట్టినట్టే తెరుచుకుంటుంది. బిన్-క్యూకు ఆ వసతి లేదు. డాస్ కాలపు ఆటలకు ఆ పాత వ్యవస్థను అనుకరించే డాస్‌బాక్స్ ప్రోగ్రాము చాలు. క్యూ ఫైలును సీడీగా తగిలిస్తే ఆడియో ట్రాకులతో సహా నడుస్తుంది, నా క్వేక్‌కు పాట తిరిగొచ్చింది ఇలాగే. విండోస్ 95, 98 నాటి ఆటలతోనే తలనొప్పి. చాలావాటి ఇన్‌స్టాలరు 16 బిట్లది, 64 బిట్ల విండోస్ దాన్ని ముట్టుకోదు. 86బాక్స్ అనే ప్రోగ్రాములో పాత కంప్యూటరును మొత్తంగా అనుకరించి, అందులో విండోస్ 98 వేసి ఆడటమే నమ్మకమైన దారి. స్థలం చాలకపోతే బిన్-క్యూలను, పాత ఆటయంత్రాలను అనుకరించే మేమ్ ప్రోగ్రాము వారి సీహెచ్‌డీ రూపంలోకి కుదించవచ్చు. ఒక్క బైటూ పోదు, కావాలంటే వెనక్కి మార్చుకోవచ్చు.

తెలుగువాళ్లకు మాత్రమే ఉండే చిక్కు ఒకటుంది. పాత సీడీల్లో శుభలేఖలు, కవితల పుస్తకాలు, సంఘాల సావనీర్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అనే ప్రోగ్రాము ఫైళ్లుగా ఉంటాయి. ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే యూనికోడ్ వాడుకలోకి రాక ముందు అను వంటి డీటీపీ ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చేవి. ఆ ఫాంటు లేకుండా తెరిస్తే పిచ్చి గుర్తుల వరద కనిపిస్తుంది. ఫైలు చెడిపోలేదు, తాళంచెవి లేదంతే. అందుకని ఆ ఫాంట్ల సీడీ, పేజ్‌మేకర్ సీడీ సూట్‌కేసులో కనిపిస్తే పెళ్లి సీడీతో సమానంగా చూసుకోండి. ఫైలు తెరుచుకోగానే ఒక పీడీఎఫ్ తీసి పక్కన పెట్టండి. యూనికోడ్‌లోకి మార్చే పని తీరిగ్గా చేసుకోవచ్చు.

దాచడం

మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఊళ్లో. 2015 డిసెంబరు వరదలు చూసినవాళ్లకు ఆ మూడో షరతు ఎందుకో చెప్పనక్కరలేదు. నా మూడో హార్డ్ డిస్కు నెల్లూరులో మా మామయ్య బీరువాలో ఉంది. ఏళ్ల తరబడి కరెంటు లేకుండా మూలన పెట్టడానికి ఎస్ఎస్‌డీ వద్దు, మామూలు హార్డ్ డిస్కే నయం. ఏడాదికొకసారి తగిలించి చెక్‌సమ్‌లు మళ్లీ లెక్కగట్టి పాతవాటితో పోల్చండి. ప్రతి నకలు పక్కన ఫోటోలు, సీడీ కీ, ఏ డ్రైవుతో ఎప్పుడు తీశారో రాసిన చిన్న పాఠ్య ఫైలు, ఉంటే మ్యాప్ ఫైలు ఒకే ఫోల్డరులో ఉండాలి.

డిస్కులను పారేయకండి. గట్టి పెట్టెల్లో నిలువుగా, సిలికా జెల్ పొట్లాలతో, ఎండ తగలని బీరువాలో పెట్టండి. అటక మాత్రం వద్దు; చెన్నై మే నెలలో పైకప్పు కింద ఎంత వేడో ఎక్కి చూస్తే తెలుస్తుంది. ‘ముఖ్యం’ సీడీని నేను విడిగా ఉంచాను. రిచీ స్ట్రీట్ వైపు వెళ్లినప్పుడల్లా నా దగ్గర లేని కంపెనీ డ్రైవేదైనా కనిపిస్తుందేమోనని చూస్తుంటాను. మ్యాప్ ఫైలు సిద్ధంగా ఉంది, చదవాల్సింది పద్నాలుగు సెక్టార్లే.